గుట్టకు రెండు తాళాలు

మా ఊరి అడవి కమిటీలో నేను చాలా ఏళ్ళు మెంబరుని. ఒక్క మీటింగుకీ వెళ్ళిన పాపాన పోలేదు. ఈ మాట చెబితే జనం నా వంక అదోలా చూస్తారు గానీ, అసలు మీటింగు ఉందని ఎవరన్నా చెబితే కదా వెళ్ళడానికి! కమిటీలో సగం మంది ఆడవాళ్ళుండాలని ప్రభుత్వం వారి రూలు. మా ఊళ్ళో ఆ రూలును తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఆడవాళ్ళ పేర్లు కమిటీలో ఉంటాయి, ఆడవాళ్ళు మాత్రం ఇళ్ళలో ఉంటారు. మీటింగు అయిపోయాక ఒక మనిషి తీర్మానం కాగితాలు చంకలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుపోతాడు. ఒకసారి నేను గోంగూర పచ్చడి కలుపుతూ, కుడి చేతికి కారం అంటుకుందని ఎడమ చేత్తో పెట్టాను. ఆ వంకర సంతకంతో ఏ తీర్మానం పాసయిందో ఆ పైవాడికే తెలియాలి.

అంత మంది ఆడవాళ్ళుండగా నన్నే ఎందుకు వేసుకున్నారో చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మాచర్ల నుంచి ఎత్తిపోతల జలపాతానికి వెళ్ళే వైపు ఉంటుంది మా ఊరు. ఊరికి రెండు బజార్లు, పై బజారు, కింద బజారు. పల్నాటి వాళ్ళకైతే ఇంతకు మించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతున్నాను. పై బజారు వాళ్ళు తాగే టీ కొట్టులో కింద బజారు వాళ్ళు తాగరు. క్షవరం షాపులు రెండు. వినాయకుడి పందిళ్ళు రెండు, మైకులు రెండు, ఆ రెండూ ఒకదాన్ని మించి ఒకటి అరుస్తుంటే మధ్యలో మా షాపు.

మా షాపు మాత్రం ఊరికంతా ఒక్కటే. ఉప్పూ పప్పూ, తాడూ మేకూ, టార్చిలైట్లూ తాళంకప్పలూ అన్నీ అక్కడే. షాపుకు పార్టీ ఉండకూడదనేది మా ఆయన సిద్ధాంతం. ఆయనకు ఇంకో సిద్ధాంతం కూడా ఉంది, అది ఎర్ర రంగుతో బోర్డు మీదే రాయించాడు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని. నరసరావుపేట నుంచి వచ్చిన మా అమ్మ, వెలగని టార్చిలైటు తిరిగిస్తానంటే వేలితో ఆ బోర్డు చూపించిన మహానుభావుడు ఆయన. మా అమ్మ ఇప్పటికీ మా ఇంటికి వచ్చేటప్పుడు టార్చిలైటు తన సంచిలోనే తెచ్చుకుంటుంది.

ఏ పార్టీకీ చెందని ఇల్లు కాబట్టి, ఎవరికీ అభ్యంతరం లేని సంతకం కాబట్టి, కమిటీలో నేను.

ఊరి మీటింగులన్నీ స్కూలు ఆవరణలో జరుగుతాయి. పై బజారు వాళ్ళు గోడ నీడన కూర్చుంటారు, కింద బజారు వాళ్ళు బోరింగు పక్కన రేకుల కింద. మధ్యలో ఒక లారీ పట్టేంత ఎండ. అందులో ఎవరూ కూర్చోరు. కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, ఎందుకు కూర్చోరో ఎవరికీ తెలియదు. ఏ కమిటీ వేసినా పదవులు చెరి సగం పంచుకుంటారు. వీళ్ళ పేర్లు వీళ్ళు చెబుతారు, వాళ్ళ పేర్లు వాళ్ళు చెబుతారు, ఏకగ్రీవం అని చప్పట్లు కొట్టి ఎవరి టీ కొట్టుకు వాళ్ళు పోతారు.

ఈ పంపకం ఊరంటే రెండు బజార్లే అయిన రోజుల నాటిది. తర్వాత ఊరు ఊరుకుందా? రోడ్డుకు అవతల కాలనీ పుట్టింది. గుట్ట వెనక తండాల్లో నీళ్ళు లేక కిందికి దిగి వచ్చిన సుగాలీలు కొందరు. ప్రాజెక్టు నీళ్ళల్లో ఊళ్ళు మునిగిపోతే వచ్చినవాళ్ళు కొందరు. కృష్ణకు అవతలి నుంచి మిరపకోతలకు వచ్చి ఇక్కడే పాకలు వేసుకున్నవాళ్ళు కొందరు. మాచర్లలో షాపు అద్దె పెరిగిందని మకాం మార్చిన సాయిబుల మెకానిక్కు కుటుంబం. చూస్తూ చూస్తూ ఉండగానే కాలనీలో జనం రెండు బజార్ల జనాన్నీ దాటిపోయారు. కమిటీలో మాత్రం వాళ్ళ మనిషి ఒక్కరు లేరు. ఎందుకు లేరంటే, చెరి సగం పంచుకున్నాక ఇంక మూడో సగం ఎక్కడుంటుందండీ?

ఆ కాలనీలోనే ఉంటుంది ఒకామె. సుగాలీ మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. నవ్వితే రోడ్డు మీద పోయే బస్సు డ్రైవరు కూడా తల తిప్పి చూస్తాడు. వినాయక చవితి దాటిందంటే చాలు, తెల్లవారకముందే కాలనీ ఆడవాళ్ళను వెంటేసుకుని గుట్టెక్కి సీతాఫలాలు కోసుకొస్తుంది. రోడ్డు పక్కన నీలం పట్టా పరిచి రాశి పోస్తారు. ఎత్తిపోతల చూడటానికి వెళ్ళే కార్లన్నీ అక్కడ ఆగుతాయి. ఆ రెండు నెలల ఫలసాయం మీదే ఆమె కూతురు మాచర్లలో ఇంటర్ చదువుతోంది. మిగతా పది నెలలూ మిరప చేలల్లో కూలి, అది తిండికే సరి.

ఆ ఏడు రెండు బజార్ల పెద్దాయనలూ చరిత్రలో మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. కమిటీ కింద ఉన్న గుట్టను కాంట్రాక్టరుకు లీజుకివ్వాలని! కాయలు కాంట్రాక్టరే కోయిస్తాడు, దారికి గేటు పెడతాడు, ఇంకెవరూ ఎక్కకూడదు. ఒక మాట మీదికి వచ్చారన్నానే గానీ, ఎవరి కాంట్రాక్టరు అనే దగ్గర యథాప్రకారం విడిపోయారు. పై బజారు వాళ్ళు గుట్ట దారికి గేటు పెట్టి తాళం వేశారు. అది చూసి కింద బజారు వాళ్ళు అదే గేటుకు ఇంకో తాళం వేశారు. రెండు తాళాలూ మా షాపులో కొన్నవే. మా ఆయన ఆ వారం చాలా హుషారుగా ఉన్నాడు.

ఆమె షాపుకు వచ్చి మెట్టు మీద కూలబడింది. నవ్వు లేదు.

“కాయలు కన్ను తెరిచినై అక్కా. ఈ వారం పది రోజుల్లో కొయ్యకపోతే చెట్టు మీదే పగిలిపోతై, పిట్టలు తింటై. నా పిల్ల ఫీజు కూడా పిట్టలే తినేటట్టుండై.”

“పెద్దాయన్ల కాడికి పోయి అడగకపోయావా?”

“పోయినా. మీరు ఏ పార్టీ అనడిగినారు ఇద్దరూ. ఏ పార్టీ కాదన్నా. అయితే నీకేంది పని అన్నారు.”

నాకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. గుట్టెక్కేది వాళ్ళు, వేసవిలో మంటలు లేస్తే కొమ్మలతో కొట్టి ఆర్పేది వాళ్ళు, సంతకం పెట్టేది నేను! గుట్ట మీద ఏముందో నాకు తెలిస్తే ఒట్టు.

సరిగ్గా అప్పుడే పాత కమిటీ గడువు తీరింది. అటవీశాఖ నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ, చూడటానికి చిన్నపిల్లలా ఉంటుంది గానీ గట్టిపిండం, రెండు బజార్ల పెద్దాయనలనూ మా షాపు ముందు నిలబెట్టి చెప్పేసింది. కాలనీతో సహా ఊళ్ళో సగానికి పైగా ఇళ్ళ నుంచి జనం వస్తేనే మీటింగు చెల్లుతుందనీ, అప్పుడే కొత్త కమిటీ అనీ, లీజు సంగతి ఆ తర్వాతేననీ.

ఆఫీసరమ్మ జీపు కదలగానే పై బజారు పెద్దాయన సోడా అడిగి, కొట్టించుకుని తాగుతూ, “నిన్నగాక మొన్నొచ్చినోళ్ళకి గుట్ట మీద హక్కేంది? వాళ్ళేం వస్తారు, కూలికి పోతారు. మనకు మనమే మమ అనిపిద్దాం” అన్నాడు.

కోపం వస్తే నా నోరు నా మాట వినదు. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

“అట్టనా బాబాయ్? మరి కింద బజారోళ్ళు పొద్దున్నే కాలనీకి బోయి అందర్నీ మాట్లాడుకుని వచ్చారంటగా?” అన్నాను.

శుద్ధ అబద్ధం. కింద బజారు వాళ్ళు కాలనీ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. కానీ పెద్దాయన సగం సోడా అక్కడే వదిలేసి బండెక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి పై బజారు పరివారం కాలనీలో ఉంది. అది విని కింద బజారు వాళ్ళు పరుగెత్తారు. సాయంత్రానికల్లా నా అబద్ధం అక్షరాలా నిజమైపోయింది. ఇంత త్వరగా నిజమైన అబద్ధం నా జన్మలో ఇదొక్కటే. నాకు నవ్వాగక షాపు వెనక గోనెల మధ్యకు వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంక మొదలైంది చూడండి సంబరం. చాలాకాలంగా వెలగని కాలనీ వీధి దీపానికి పై బజారు వాళ్ళు బల్బు పెట్టించారు. తెల్లారి కింద బజారు వాళ్ళు ఆ బల్బు తీయించి ఇంకా పెద్దది పెట్టించారు. కాలనీ బోరింగు చెడి ఉంటే బాగుచెయ్యమని రెండు వైపుల నుంచీ మెకానిక్కు సాయిబుకే కబురొచ్చింది. ఆయన పొద్దున ఒకసారి బాగుచేసి, సాయంత్రం మళ్ళీ విప్పి మళ్ళీ బాగుచేశాడు. “ఏం జేసేదమ్మా, ఇద్దరూ పనిచెప్పారు, ఒకరిది చేసి ఒకరిది మానితే బాగుండదు గదా” అని నాతో ఎంతో బాధగా చెప్పి, చెప్పడం పూర్తికాకముందే ఫక్కున నవ్వేశాడు.

ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వు రోడ్డు అవతల నుంచే వినిపించింది.

“అక్కా, ఇద్దరూ వచ్చినారు నా పాక కాడికి. నువ్వు చెబితే కాలనీ అంతా వింటదంట, నన్నే ప్రెసిడెంటుగా పెడతారంట. వీళ్ళూ అదే మాట, వాళ్ళూ అదే మాట. నీకేం పని ఉండదు, కాగితాలు ఇంటికే పంపిస్తాం, సంతకం పెడితే చాలన్నారు.”

“నాకు చెప్పిందీ అదేనే! నువ్వేం చెప్పావు మరి?”

“మీటింగుకు రమ్మన్నారు. వస్తామన్నా. వీళ్ళకీ అదే చెప్పినా, వాళ్ళకీ అదే చెప్పినా. అంతకు మించి ఒక్క మాట అంటే ఒట్టు. వాళ్ళే ఏందో సంబరపడుకుంటా పోయినారు.”

ఇద్దరం షాపు మెట్టు మీద కూర్చుని ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వాం. మా ఆయన కాటా దగ్గర నుంచి, “షాపుకు పార్టీ ఉండకూడదు” అని గొణిగాడు. “పార్టీ ఎక్కడుంది, నవ్వుకుంటున్నాం” అన్నాను.

మీటింగు రోజు కాలనీకి రెండు ట్రాక్టర్లు వచ్చాయి, పై బజారుది ఒకటి, కింద బజారుది ఒకటి. ఎవరికి ఏది దగ్గరైతే దాంట్లోకి ఎక్కారు జనం. స్కూలు దగ్గర దిగాక అందరూ కలిసిపోయారు. ఇంక ఏ ట్రాక్టరు మనుషులెవరో కనిపెట్టడం బ్రహ్మతరం కాదు. గోడ నీడ నిండిపోయింది, రేకుల కింద నిండిపోయింది. ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత సీతాఫలాలు పోసే నీలం పట్టా చంకలోంచి తీసి, ఎవరూ కూర్చోని ఆ మధ్య ఎండలో బర్రున పరిచేసి కూర్చుంది. ఆమె వెనక కాలనీ అంతా కూర్చుంది.

 రెండు వైపులా వేళ్ళు కదలడం మొదలైంది. పై బజారు వాళ్ళు పట్టా మీద జనాన్ని తమ వాళ్ళ కింద లెక్కేసుకుంటున్నారు. కింద బజారు వాళ్ళు కూడా ఆ జనాన్నే తమ వాళ్ళ కింద లెక్కేసుకుంటున్నారు. ఇద్దరి మొహాల్లోనూ పండగ కళ!

నేను స్కూలు గేటు దగ్గర నిలబడిపోయాను. ఇంటి దగ్గర మా ఆయన, “సంతకం ఇంట్లోనే పెట్టొచ్చుగా” అన్నా వినకుండా వచ్చాను గానీ, లోపలికి వెళ్తే ఏ వైపు కూర్చోవాలి? “వదినా, ఇట్రా” అని గోడ నీడ నుంచి ఒకరు. “అక్కా, ఈడ చోటుంది” అని రేకుల కింద నుంచి ఒకరు. ఇద్దరూ మా ఖాతాదార్లే. నా కాళ్ళు వాటంతటవే పట్టా మీదికి నడిచాయి. ఆమె జరిగి చోటిచ్చింది. లోపల ఒకటే ఆనందం. నిజం చెప్పాలంటే పెళ్ళిపీటల మీద కూడా నాకు అంత ఆనందం కలగలేదు.

ఇంతలో గేటు దగ్గర మరో నలుగురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నాపరాళ్ళ క్వారీలో పనికి ఒడిశా నుంచి వచ్చి, కాలనీ చివర రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్ళు. ఆమె వాళ్ళను చూసి మొహం చిట్లించి, “వీళ్ళేందక్కా, మొన్నగదా వచ్చింది. వీళ్ళకెందుకు మన గుట్ట?” అంది. నేను ఆమె మొహం వంకే చూశాను. రెండు క్షణాల్లో ఆమెకే అర్థమైంది. చెంపలు వాయించుకుని పెద్దగా నవ్వింది. “నాకూ పెద్దాయన రోగం పట్టుకుందక్కో!” అని, వాళ్ళకు చెయ్యి ఊపి పట్టా మీదికి రమ్మంది. నాకైతే ఆ ఎండలో పట్టా మీద ఇంకొంచెం ఇరుకైంది.

ఆఫీసరమ్మ లేచి, ప్రెసిడెంటుగా ఎవరిని పెట్టుకుంటారో చెప్పమంది. పై బజారు పెద్దాయన మీసం సవరించుకుని లేచి పట్టా మీదున్న ఆమె పేరు చెప్పాడు. ఆ మాట పూర్తయిందో లేదో, కింద బజారు పెద్దాయన ఎగిరి నిలబడి ఆమె పేరే చెప్పాడు.

“ఆ పేరు వచ్చిందండీ. వేరే ఎవరన్నా?” అంది ఆఫీసరమ్మ.

“వచ్చిందేంది? ఆమె మా మనిషి!”

“మీ మనిషెట్టా అయిద్దయ్యా? మేం మాట్లాడుకున్నాం!”

“ముందు పోయింది మేము!”

“బోరింగు బాగుజేసింది మేము!”

పట్టా మీద మెకానిక్కు సాయిబు తల బాగా కిందికి దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఇద్దరిలో ఒక్కరు ఆ పేరు వెనక్కి తీసుకుని తమ వాడి పేరు చెప్పినా కథ వేరేగా ఉండేది. కానీ వెనక్కి తీసుకుంటే అవతలి బజారుకు వదులుకున్నట్టు అవుతుంది! ప్రాణం పోయినా అది జరగదు. అరగంట కొట్లాడుకున్నారు, ఆమె కావాలా వద్దా అని కాదు, ఆమె పేరు ముందు చెప్పింది ఎవరని! చివరికి ఆఫీసరమ్మ ఒకరు ప్రతిపాదించినట్టు, ఒకరు బలపరిచినట్టు రాసుకుని, “ఏకగ్రీవం” అంది. అలవాటు కొద్దీ రెండు వైపులా చప్పట్లు కొట్టేశారు. మెకానిక్కు భార్యనూ, కాలనీ నుంచి ఇంకొందరినీ మెంబర్లుగా వేసుకున్నారు. ప్రతి పేరుకూ రెండు బజార్లూ మా వాళ్ళేనంటే మా వాళ్ళేనని పోటీలు పడ్డాయి. రెండు బజార్లకూ తలా కొన్ని పదవులు మిగిలాయి. నా పేరు మళ్ళీ వచ్చింది.

తర్వాత లీజు సంగతి. పై బజారు మనిషి కాగితం తెచ్చి, “ఈడ సంతకం పెట్టమ్మా” అన్నాడు. కింద బజారు మనిషి ఇంకో కాగితం తెచ్చాడు. ఆమె రెండూ చేతిలోకి తీసుకుంది.

“ఇంటికి పంపిస్తామన్నారు గదా?”

“ఇంటికే పంపిస్తాంలే, నిమ్మళంగా పెట్టు.”

“ఇంటి కాడ నేనుండను, గుట్ట మీద ఉంటా. ఈడనే చదవండి. అందరం విందాం.”

ఆఫీసరమ్మ పైకి చదివింది. గుట్ట మొత్తం లీజుకు, దారికి గేటు, గేటుకు తాళం. కొత్త ప్రెసిడెంటు లేచి నిలబడింది. నవ్వు లేదు.

“తాళం ఉంటే నేనూ నా పిల్లా ఈ ఊళ్ళో ఉండలేం. ఎవరూ గుట్టను ఎత్తుకుపోవట్లా. కొమ్మ ఇరవకుండా కోసుకుంటాం, మంటలొస్తే మేమే ఆర్పుతాం. తాళం వద్దనేవాళ్ళు చేతులెత్తండి.”

పట్టా మీద చేతులన్నీ లేచాయి. క్వారీ ఆడవాళ్ళు పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని ఎత్తారు. నేను సంబరంలో రెండు చేతులూ ఎత్తేశాను. “అమ్మా, ఒకటి చాలండీ” అంది ఆఫీసరమ్మ. గోడ నీడ వెనక నుంచి, రేకుల వెనక నుంచి కూడా కొన్ని గాజుల చేతులు లేచాయి. పెద్దాయనలు ఇద్దరూ వెనక్కి తిరిగి చూసి, లేచిన చేతుల్లో తమ ఇంటివాళ్ళవి కూడా ఉండేసరికి చప్పున ముందుకు తిరిగారు.

ఆ సాయంత్రం ఆమె రెండు తాళాలూ, వాటి తాళంచెవులూ తెచ్చి మా గల్లాపెట్టె ముందు ధన్‌మని పెట్టింది. “వాపసు తీసుకుంటావా సేఠూ? డబ్బులొద్దు, గంపలకు కట్టుకోను తాడియ్యి చాలు.”

 మా ఆయన బోర్డు వంక చూశాడు. తాళాలు తిప్పి తిప్పి చూసి, ఒకదానికి గీత పడిందని గొణిగాడు. ఆ తర్వాత కౌంటరు వెనక నుంచి స్టూలు తెచ్చి మెట్టు పక్కన వేసి, “కూర్చోండి ప్రెసిడెంటు గారూ” అన్నాడు. ఆమెను ఆయన ‘మీరు’ అనడం అదే మొదలు. తాడు కొలిచాడు, కొలిచినదాని మీద ఇంకో బార ఎక్కువే తెంపాడు. మా అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున నేనూ వాళ్ళతో వెళ్ళాను. ఇన్నేళ్ళు ఆ గుట్టకు మెంబరుగా ఉండి, దాన్ని ఎక్కడం అదే మొదటిసారి! సగం దారిలోనే ఆయాసం వచ్చి ఒక బండ మీద చతికిలబడితే, ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరి ఒకటే నవ్వు. ఆమె కన్ను విచ్చిన కాయ ఒకటి తెంపి, రెండుగా చీల్చి, సగం నా చేతిలో పెట్టింది. తెల్లగా, తియ్యగా, చేతి నిండా గుజ్జు. గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారో పందెం వేసుకున్నాం, నేను అందరికంటే వెనక.

“చూసుకో అక్కా, బాగా చూసుకో,” అంది ఆమె, గుట్ట మీది నుంచి కింద ఊరి దాకా చెయ్యి చాపుతూ. “ఇన్నాళ్ళూ నువ్వు సంతకాలు పెట్టింది దీనికే.”

నేను బండ మీది నుంచి కిందికి వంగి చూశాను. రెండు బజార్లూ, కాలనీ, క్వారీ షెడ్లూ అన్నీ అక్కణ్ణించి ఒక్క ఊరిలాగే కనిపించాయి. మా షాపు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.